రాయకపోతే చేయనట్టే, సిస్టర్!

నర్సుల చట్టపరమైన, నైతికపరమైన బాధ్యతల మీద మొన్న మాకు మళ్లీ ఒక క్లాసు పెట్టారు. చాలా బాగుంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చున్నాం కాబట్టి కళ్లు తెరిచి ఉంచడమే కాస్త కష్టమైంది గానీ, మిగతా ఏ లోటూ లేదు. చివర్లో అందరితో సంతకాలు పెట్టించుకున్నారు. ఆ సంతకం దేనికో ఇన్నేళ్ల సర్వీసులో నాకు బాగానే తెలుసు. రేపు ఏదైనా జరిగితే "ఆవిడకి చెప్పాం కదండీ" అనడానికి.

క్లాసులో నాకు తలకెక్కిన సంగతి ఒక్కటే. ఆస్పత్రిలో బాధ్యతది నీటి గుణం. పైన ఎక్కడ పోసినా యాజమాన్యం గదిలో ఆగదు, పెద్ద డాక్టరుగారి గుమ్మం దగ్గరా ఆగదు, మెట్లన్నీ దిగొచ్చి అర్ధరాత్రి ముప్ఫై మంచాల మధ్య ఒంటరిగా నిలబడ్డ సిస్టర్ కాళ్ల దగ్గర మడుగు కడుతుంది. అధికారమేమో ఆవిరి, అది పైకే పోతుంది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ మా దగ్గర ఆ పంపకాలు లేవు, మొత్తం ఒకరి ఒళ్లోనే పోస్తారు. లెక్క తేలిగ్గా ఉంటుందని కాబోలు.

అయినా చట్టం మమ్మల్ని కోరేది పెద్దగా ఏమీ లేదు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేయాలి. చెప్పింది తప్పయితే చేయకూడదు. అది తప్పో కాదో ఆ క్షణంలో మేమే తేల్చుకోవాలి, కానీ తేల్చే అధికారం మాకు ఉందని మాత్రం అనుకోకూడదు. ఇందులో అర్థం కానిదేముంది?

చదువులో భాగంగా దీపాలు పట్టుకుని, గొంతు వణుకుతూ నైటింగేల్ ప్రమాణం చదువుతాం కదా, అది మా నర్సింగ్‌కి ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసింది కాదు. 1893లో డెట్రాయిట్‌లోని ఒక నర్సింగ్ స్కూలు కోసం లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ తయారు చేసింది. అప్పటికి నైటింగేల్ బతికే ఉంది. డాక్టరుగారి పనిలో విధేయతతో సాయపడతానని అందులో ఉంది. 1953లో అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి తెచ్చింది, అందులోనూ డాక్టరు ఆదేశాలను తెలివిగా, విశ్వాసంగా అమలు చేయాలని రాశారు. "తెలివిగా" అన్న ఆ ఒక్క మాటలోనే మా బతుకంతా ఉంది. మళ్లీ 1973లో ఆలోచించుకుని, నర్సు మొదటి బాధ్యత సేవ అవసరమైన మనిషి పట్లేనని మార్చారు. అంటే పేషెంట్ మొదటి స్థానానికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పర్లేదు, మా ఓపీలో అంతకంటే ఎక్కువసేపు కూర్చున్నట్టు చెప్పుకునేవాళ్లు ఉన్నారు.

కోర్టులు ఇంకొంచెం ముందే మేల్కొన్నాయి. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు వేశారు. వేళ్లు వాచాయి, రంగు మారాయి, చల్లబడ్డాయి, స్పర్శ పోయింది. చివరికి మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. 1965లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆస్పత్రిది బాధ్యత అన్న తీర్పును సమర్థిస్తూ నర్సుల సంగతి కూడా ఎత్తింది. రక్తప్రసరణ పదే పదే చూడాల్సింది, తేడా కనిపిస్తే డాక్టరుకి చెప్పాల్సింది, ఆయన పట్టించుకోకపోతే పైవాళ్లకి చెప్పాల్సింది అని.

న్యాయమైన మాటే, వెటకారం కాదు. ఇప్పటికీ పిండికట్టు ఉన్న ఏ కాలి దగ్గరికి వెళ్లినా నేను బొటనవేలి గోరు నొక్కి వదులుతాను. తెల్లగా పాలిపోయిన గోరు మళ్లీ ఎర్రబడాలి, రెండు సెకన్లలో. మూడో సెకను మొదలైందంటే నా గుండె ఆగినంత పని అవుతుంది. పేషెంట్ మాత్రం "ఏంటి సిస్టర్, గోళ్లరంగు వేస్తారా?" అని నవ్వుతాడు.

ఇక పైవాళ్లకి చెప్పడం గురించి. ఒకసారి చెప్పాను. పైవారు చాలా మర్యాదగా విన్నారు, "మీలాంటివాళ్లే కావాలమ్మా" అన్నారు. పై నెల డ్యూటీ చార్టులో నా పేరు ఎదురుగా వరసపెట్టి నైట్లు. రెండింటికీ సంబంధం ఉందని నేను ఎక్కడా అనలేదు, అనను కూడా, ఎందుకంటే ఆధారం లేనిది రాయకూడదని క్లాసులోనే చెప్పారు.

ఆపరేషన్ అంగీకార పత్రం ఇంకో ముచ్చట. ఏం చేస్తారో, ఏం జరగొచ్చో వివరించాల్సింది ఆపరేషన్ చేసే డాక్టరు. ఆ సంతకానికి సాక్షిగా ఉండటమే నా పని. కాగితం చేతికిస్తే పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి "ఏం కాదు కదమ్మా?" అంటాడు. ఏం కాదంటే అబద్ధం, కావచ్చంటే భయపెట్టినట్టు, డాక్టరుగారే వచ్చి చెప్తారంటే ఆయన థియేటర్లో చేతులు కడుక్కుంటున్నారు. పెద్దాయనకి అర్థం కాలేదని తెలిసీ పక్కన సాక్షి సంతకం పెడితే తప్పు, పెట్టకుండా థియేటర్ లిస్టు ఆపితే పెద్ద తప్పు. ఫోన్ చేసి ఆపుతాను. "నీకేం పోయింది సిస్టర్?" అని నలుగురు అడుగుతారు.

ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే 2017లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో జరిగింది చూడండి. స్పృహలో లేని పేషెంట్ రక్తం కావాలని ఒక పోలీసు డిటెక్టివ్ వచ్చాడు. వారెంటు లేదు, అరెస్టు లేదు, అంగీకారం లేదు, కాబట్టి కుదరదని నర్సు నిబంధన చదివి వినిపించింది. ఆమెకే బేడీలు వేసి ఈడ్చుకెళ్లాడు. తర్వాత అతని ఉద్యోగం పోయింది, ఆమెకు 5 లక్షల డాలర్ల పరిహారం వచ్చింది. చట్టం ఆమె పక్షానే ఉంది, కాకపోతే కాస్త ఆలస్యంగా వచ్చింది, బేడీలు ముందొచ్చాయి.

అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోనే టెన్నెసీ రాష్ట్రంలో జరిగింది తలుచుకుంటే మాత్రం వెటకారం రాదు. మత్తు మందు కోసం ఒక నర్సు మందుల యంత్రంలో ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టింది. అవే రెండు అక్షరాలతో మొదలయ్యే వేరే మందు బయటికొచ్చింది, కండరాలన్నీ కదలకుండా చేసేది. పేషెంట్ చనిపోయింది. సీసా మూత మీద హెచ్చరిక ఉంది, ఆమె చూడలేదు, కాబట్టి తప్పు లేదని నేను అనను. తప్పు తనదేనని ఆమే చెప్పింది కూడా. 2022లో కోర్టు ఆమెను నేరస్తురాలిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది, అంటే జైలు బదులు కోర్టు పర్యవేక్షణ. ఆస్పత్రి మీద క్రిమినల్ కేసు లేదు. రెండు అక్షరాలకే అలమర తెరుచుకునేలా యంత్రాన్ని పెట్టినవాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారో గానీ నీళ్లు వాళ్లని తడపకుండానే కిందికి వచ్చేశాయి.

ఇవన్నీ విన్నాక కూడా "పొరపాటు జరిగితే దాచకుండా రిపోర్ట్ చేయండి, ఎవరూ ఏమీ అనరు" అని క్లాసులో చెప్పారు. ఆ వాక్యం దగ్గర ఒక కొత్తమ్మాయి చెయ్యెత్తి "నిజంగానేనా మేడమ్?" అంది. పాపం, చిన్నపిల్ల.

కాబట్టి మిగిలింది రాసుకోవడమే. రాయకపోతే చేయనట్టే అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. పేషెంట్ ఒళ్లు తుడిచి, పక్క మార్చి, భయపడుతుంటే పావుగంట చెయ్యి పట్టుకుని కూర్చున్నా కేస్ షీట్‌లో లేకపోతే అది జరగలేదు. చెయ్యి పట్టుకోవడానికి ఫారంలో గడి లేదు, అందుకే నా సర్వీసులో సగం అసలు జరగనే లేదు. తప్పు రాస్తే దిద్దకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు, అడ్డంగా ఒకే గీత గీసి, కింది అక్షరాలు కనబడేలా, పక్కన సంతకం, తేదీ, టైం.

మొన్న రాత్రి మూడింటికి ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టరుగారు నిద్రగొంతుతో "డోస్ డబుల్ చేసేయ్" అన్నారు.

"సార్, కిడ్నీ రిపోర్టు సాయంత్రం వచ్చింది, బాలేదు."

"ఏదో ఒకటి చేయమ్మా, పొద్దున రాస్తాలే."

"ఏదో ఒకటి అంటే ఏం రాసుకోమంటారు సార్?"

అవతల మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నారన్నమాట. అంకెలన్నీ అడిగారు, విన్నారు, డోస్ తగ్గించి చెప్పారు. నేను తిరిగి చదివి వినిపించాను, మందు పేరు, మోతాదు, ఎన్నిసార్లో. 3:10కి ఫోన్ ఆర్డర్, తిరిగి చదివి నిర్ధారించుకున్నాను అని రాశాను.

పొద్దున వచ్చి కేస్ షీట్ తిరగేసి "మొత్తం రాసేశావా సిస్టర్? నా మీద అంత నమ్మకం లేదా?" అన్నారు.

ఆయన వెళ్లాక అది కూడా రాద్దామా అనుకున్నాను, టైంతో సహా.