కండ చేసిన పనికి కాలేయం మీద నింద

మా మిత్రుడొకరికి ముప్పై నాలుగేళ్లు. మద్యం ముట్టరు. గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో కాపురం. నిరుడు జనవరిలో అందరిలాగే జిమ్‌లో చేరారు. మొదటి ఆదివారమే శిక్షకుడు గంటసేపు బరువులు మోయించి గుంజీలు తీయించాడు. మంగళవారం ఆఫీసులో ఆరోగ్య పరీక్షల శిబిరం. బుధవారం ఫోనుకు రిపోర్టు వచ్చింది: లివర్ పరీక్షలోని ఎస్‌జీఓటీ ఉండాల్సిన దానికి మూడింతలు, అదీ ఎర్ర అక్షరాల్లో. సాయంత్రానికల్లా వాళ్లమ్మగారు నేల ఉసిరి తెప్పించి పసరు నూరారు. పక్క సీటులోని బొజ్జాయనకు అంకెలన్నీ నల్లగానే వచ్చాయి. ఆ సంతోషంలో ఆయన అందరికీ బిర్యానీ తెప్పించారు. ఆరు నెలల తర్వాత కడుపునొప్పికి తీయించిన స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు, బయటపడింది ఆయనకే.

మా మిత్రుడిని చూసిన డాక్టరు ఒకే ప్రశ్న వేశారు: "ఈ వారంలో బరువులేమైనా ఎత్తారా?" కండరాల దెబ్బను చెప్పే సీపీకే పరీక్ష రాశారు. అదీ బాగా పెరిగి ఉంది. పది రోజులు జిమ్ మానేసి మళ్లీ రక్తమిస్తే అంతా మామూలే.

లివర్ పరీక్ష అని మనం పిలిచే దానిలోని ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయం ఒక్కదాని సొత్తు కావు. కండరాల్లోనూ ఉంటాయి, ముఖ్యంగా మొదటిది. అలవాటు లేని బరువు ఎత్తినప్పుడు కండర కణాలు కొద్దిగా చిట్లి అవి రక్తంలోకి జారుతాయి. బరువులు ఎత్తే అలవాటు లేని 15 మంది ఆరోగ్యవంతులైన పురుషుల చేత గంటసేపు ఆ పని చేయించి గమనించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. ఈ రెండు ఎంజైములూ, సీపీకే కూడా కనీసం వారం పాటు ఎక్కువగానే ఉన్నాయి. కామెర్లలో పెరిగే బిలిరుబిన్, జీజీటీ అనే మరో కాలేయ ఎంజైము మాత్రం కదల్లేదు. జీజీటీ కండరం నుంచి రాదు కాబట్టి, దొంగ ఎవరో తేల్చడానికి అదే మంచి సాక్షి.

అయితే తీవ్ర వ్యాయామం కాలేయాన్ని అసలు తాకదా? తాకుతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లి పొట్టలోని అవయవాలకు బాగా తగ్గుతుంది. అంత తక్కువ రక్తంతోనే కాలేయం తన దగ్గరున్న సుమారు 100 గ్రాముల గ్లైకోజన్‌ను, అంటే నిల్వ చక్కెరను, కరిగించి గ్లూకోజు అందిస్తూ ఉంటుంది. ఆరోగ్యవంతుల కాలేయం దీన్ని తట్టుకుని త్వరగానే కోలుకుంటుంది. నిజంగా భయపడాల్సింది వడదెబ్బకు. మే నెల ఎండలోనో, ఆగస్టు ఉక్కలోనో ఒళ్లు ఉడికిపోతున్నా ఆగకుండా పరుగెత్తితే కాలేయ కణాలు నిజంగానే చనిపోవచ్చు. జిమ్ పక్క గదిలో చేతులు మారే స్టెరాయిడ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వాటి వల్ల చెడిన కాలేయానికి వ్యాయామాన్ని తప్పుపట్టడం అన్యాయం.

ఇక కూర్చున్న వారి సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. ఫ్యాటీ లివర్ ఉన్నా ఎంజైములు మామూలుగా ఉండటం అరుదేమీ కాదు. పరుగెత్తినవారిని బెదరగొట్టి, కుర్చీ వదలనివారికి బిర్యానీ తినిపించే పరీక్షను ఒంటరిగా నమ్మడమే నా అభ్యంతరం.

ఎంత గట్టిగా చేయాలన్న చర్చకు కూడా నేను పెద్ద విలువ ఇవ్వను. బొజ్జతో పాటు ఫ్యాటీ లివర్ ఉన్న 220 మందిపై చైనాలో జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. కొందరు ఏడాది పాటు చురుగ్గా నడిచారు, కొందరు మొదటి ఆరు నెలలు పరుగు తీసి తర్వాత నడకకు మారారు. చివరికి ఇద్దరికీ కాలేయ కొవ్వు దాదాపు సమానంగానే తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామమో, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామమో చాలంటుంది. మాట్లాడగలిగి పాడలేని వేగమైతే అది మధ్యస్థం. కేబీఆర్ పార్కులో ప్లాట్ల ధరలు చర్చిస్తూ సాగే బృందాలు కూనిరాగం కూడా తీయగలవు. బయటికొచ్చాక నేతి ఇడ్లీ ఎలాగూ ఉంది.

ఎర్ర అంకెలన్నిటినీ జిమ్ ఖాతాలో వేయమని నేననడం లేదు. జీజీటీ, బిలిరుబిన్ పెరిగినా, వారం పది రోజుల విశ్రాంతి తర్వాత కూడా అంకెలు దిగకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నేను ల్యాబుల వారిని కోరేది ఫారంలో ఒక్క గడి. ఎన్ని గంటల నుంచి ఏమీ తినలేదని అడుగుతారు కదా, చివరిసారి ఎప్పుడు బరువులెత్తారో కూడా అడగవచ్చు.

ఈ ఏడాది శిబిరానికి ఫారం మళ్లీ వచ్చింది. ఆ గడి లేదు. మా మిత్రుడు అంచున పెన్నుతో రాసి ఇచ్చారు: "శనివారం గుంజీలు, నలభై కిలోలు."