కంచె వేసినంత మాత్రాన వీధి సొంతం కాదు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారి మధ్య ఒక సందేశం చేతులు మారుతోంది. “మీ స్థలం పక్కన వాడుకలో లేని వీధి గానీ సందు గానీ ఉంటే కంచె వేసి పదేళ్ళు నోరు మెదపకుండా ఉండండి, అది మీదైపోతుంది. అంత ఓపిక లేకపోతే ఇరుగుపొరుగుల సంతకాలతో నగరానికి అర్జీ పెట్టండి. ఎవరూ నడవని వీధి కనుక కాదనరు, పైసా ఖర్చు ఉండదు” అన్నది దాని సారాంశం. దీన్ని నమ్మి గోడ కట్టినవారు చివరకు సొంత డబ్బుతోనే దాన్ని కూల్చుకోవలసి రావచ్చు కనుక ఇందులోని ఒక్కొక్క మాటనూ పరిశీలించడం అవసరం. ఈ నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి; ఇక్కడ సియాటిల్ నగరమున్న వాషింగ్టన్ రాష్ట్ర చట్టాన్ని ఆధారంగా తీసుకుంటున్నాను.

మొదటిది పదేళ్ళ మాట. పొరుగువాడి నేలను పదేళ్ళు బహిరంగంగా, ఎడతెగకుండా అనుభవించినవారికి హక్కు దక్కే ప్రతికూల స్వాధీన సూత్రం అక్కడ ఉన్న మాట నిజమే. అయితే అది ప్రైవేటు వ్యక్తుల మధ్య చెల్లే సూత్రం. లేఅవుట్ పటంలో ప్రజలకు అంకితమైన వీధి మీద ఎన్నేళ్ళు కంచె నిలిచినా ప్రజల హక్కు కరిగిపోదు, ఎందుకంటే ఆ హక్కు నిన్న నడిచినవారిది మాత్రమే కాక రేపు నడవబోయేవారిది కూడా. ఈ అపోహకు మూలం బహుశా ఒక పాత చట్టం కావచ్చు. 1890 నాటి ఆ చట్టం ప్రకారం, నగరాల పరిధికి బయట అయిదేళ్ళపాటు తెరవకుండా ఉన్న వీధులు వాటంతటవే రద్దయ్యేవి, అంటే వాటి మీద ప్రజల హక్కు తొలగిపోయేది. 1909లో దాన్ని సవరించి, పటాల ద్వారా అంకితమైన వీధులను ఆ నిబంధన నుంచి తప్పించారు. అందువల్ల అంతకు ముందటి కొన్ని పాత లేఅవుట్ల విషయంలో తప్ప ఆ వాదనకు చోటు లేదు.

“ఎవరూ నడవని వీధి కనుక కాదనరు” అన్నది ఈ సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. వీధి అంటే కంటికి కనిపించే తారు మాత్రమే కాదు. గడ్డి మొలిచిన సందు కింద మంచినీటి గొట్టం, మురుగునీటి కాలువ, విద్యుత్ తీగలు ఉండవచ్చు. అగ్నిమాపక వాహనం వెనుక ఇళ్ళకు చేరే దారి అదొక్కటే కావచ్చు. దాన్ని మూసివేస్తే వెనుకనున్న స్థలానికి బయటి ప్రపంచంతో సంబంధమే తెగిపోవచ్చు. కాబట్టి నగరం అడిగే ప్రశ్న ఇప్పుడు ఎవరైనా నడుస్తున్నారా అన్నది కాదు, ఇకముందు ప్రజలకు అవసరం పడుతుందా అన్నది. అదే పశ్చిమ తీరంలోని కాలిఫోర్నియాలోనైతే వర్తమాన అవసరాలతోపాటు భవిష్యత్ అవసరాలకు కూడా ఆ వీధి అక్కరలేదని తేల్చిన తరువాతే రద్దు చేయాలని చట్టంలోనే రాసి ఉంది. వాషింగ్టన్‌లో సరస్సు లేదా సముద్రపు ఒడ్డుకు ఆనుకున్న వీధులను, ఎంత నిర్మానుష్యంగా ఉన్నా, చట్టం పేర్కొన్న కొద్దిపాటి ప్రజాప్రయోజనాలకు తప్ప రద్దు చేయడానికి వీలు లేదు. ఒకసారి వదులుకున్న నీటి ఒడ్డు దారిని తిరిగి సంపాదించడం ఏ నగరానికైనా దాదాపు అసాధ్యం కనుక, ఈ నిబంధన నాకెంతో సమంజసంగా తోస్తుంది.

సంతకాల మాటకు వస్తే, వీధికి ఆనుకున్న ఆస్తిలో మూడింట రెండు వంతులకు పైగా కలిగిన యజమానులు దాన్ని రద్దు చేయమని సంతకం చేస్తే నగరం విచారణ తేదీని నిర్ణయించి తీరాలి. ఆ తేదీని ఖరారు చేస్తూ నగర కౌన్సిల్ తీర్మానం చేసిన 20 రోజుల తరువాత, 60 రోజులలోపు ఆ విచారణ జరగాలి. నగరంలో జనం చూసే మూడు చోట్లతోపాటు ఆ వీధిలో కూడా నోటీసు అంటించాలి. సంతకాలతో లభించేది విచారణ మాత్రమే, వీధి కాదు. 2016 మే నెలలో సియాటిల్‌లో కొత్త క్రీడా ప్రాంగణం కోసం ఆక్సిడెంటల్ అవెన్యూలో కొంత భాగాన్ని రద్దు చేయమన్న అర్జీని కౌన్సిల్ 5–4 ఓట్లతో తిరస్కరించింది. అది వాడుకలో ఉన్న వీధే అయినా, నిర్ణయాధికారం అర్జీదారుది కాదని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక ఖర్చు. రద్దయ్యే వీధి భాగపు అంచనా విలువలో సగం వరకు, వీధి అంకితమై 25 ఏళ్ళు దాటితే పూర్తి విలువ వరకు నగరం వసూలు చేయవచ్చు. ఆ సొమ్ములో సగాన్ని బహిరంగ స్థలాలకు గానీ రవాణా నిర్మాణాలకు గానీ కేటాయించాలి. అర్జీ ఫలించినా వీధి మొత్తం అర్జీదారుకే దక్కదు: సాధారణంగా మధ్య గీతకు ఇటు సగం ఇటువారికి, అటు సగం అటువారికి చెందుతుంది. నేల కింది గొట్టాల మరమ్మతు కోసం నగరం తన హక్కును అట్టిపెట్టుకుంటే, డబ్బు కట్టి పొందిన ఆ సగంలో కూడా గది కట్టుకోవడం కుదరకపోవచ్చు.