మూడు దారులిచ్చిన దయామయులు

నా మిత్రుడొకడు 'డార్క్ జెనిసిస్' నవల చదవడం ముగించి, పుస్తకం బల్ల మీద పెడుతూ, నిండు సంతృప్తితో ఒక మాట అన్నాడు: "నువ్వెన్ని చెప్పు, ఆ ప్రభుత్వం వాళ్లకి మూడు దారులైతే ఇచ్చింది కదా!" ఈ మాట విని వారం దాటింది. ఈ వారంలో నేను చేసిన పనులన్నిటి వెనుకా అది చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. ఆ మూడు దారుల్లో ఉన్న దయ ఎంత లోతైనదో లోకానికి విడమరచి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నవల సంగతి తెలియని వారికి రెండు ముక్కలు. 1994 నుంచి 1998 వరకు 5 సీజన్లుగా నడిచిన 'బాబిలన్ 5' అనే అమెరికన్ టీవీ సీరియల్‌లో సై కోర్ అనే సంస్థ ఒకటుంది. మనుషుల్లో కొందరికి ఎదుటివారి మనసు చదివే శక్తి పుడుతుంది. ఆ టెలిపాత్‌లను గుర్తించడం, అదుపులో పెట్టడం, వాడుకోవడం ఆ సంస్థ పని. సీరియల్ సృష్టికర్త జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ ఇచ్చిన కథా ప్రణాళికను పట్టుకుని జె. గ్రెగరీ కీస్ రాసిన మూడు నవలల్లో మొదటిది, సై కోర్ ఎలా పుట్టిందో చెప్పేది, ఈ 'డార్క్ జెనిసిస్'. 1998లో వచ్చింది. సీరియళ్లకు తోకలుగా వచ్చే నవలలంటే మన పెద్దమనుషులకు చిన్నచూపని నాకు తెలుసు. ఆ చిన్నచూపు వల్లే కాబోలు, ఒక ప్రభుత్వ శాఖ పుట్టుక గురించి ఇంత నిజాయితీగా రాసిన పుస్తకం వాళ్ల కళ్లబడకుండా జారిపోయింది.

కథ 2115లో మొదలవుతుంది. టెలిపాత్‌లు నిజంగానే ఉన్నారని చెప్పే పరిశోధనా వ్యాసం ఒకటి అచ్చవుతుంది. ఆ సంగతి తేలగానే జనం చేసే మొదటి పని వాళ్లను చంపడం. ప్రభుత్వం చేసే మొదటి పని మిగిలినవాళ్లను లెక్కపెట్టడం. లీ క్రాఫర్డ్ అనే సెనేటర్‌కు ఈ గొడవలో తన భవిష్యత్తు స్పష్టంగా కనబడుతుంది. అందుకోసం మనసులు చదివే శక్తి అక్కరలేదు, రాజకీయ నాయకుడైతే చాలు. అలా మెటాసెన్సరీ రెగ్యులేషన్ అథారిటీ పుడుతుంది. ఆ పేరును రెండుసార్లు పైకి చదివి చూడండి; ఎవరికీ ఏ అపకారమూ చేయలేని, దుమ్ము పట్టిన బీరువాలాంటి పేరు. అదే తర్వాత పెరిగి పెద్దదై సై కోర్ అవుతుంది.

ఇక ఆ మూడు దారులు. ఒకటి, సంస్థలో చేరి జీవితాంతం దాని మనిషిగా బతకడం. రెండు, జైలు. మూడు, ఆ శక్తిని నిద్రపుచ్చే మందును సూదితో క్రమం తప్పకుండా ఎక్కించుకుంటూ ఇంట్లోనే ఉండడం. ఆ మందుకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'స్లీపర్లు'. రెండే దారులిచ్చి ఉంటే నిరంకుశత్వమని మనం తప్పుపట్టేవాళ్లం, మూడు ఇచ్చారు కనుక అది ప్రజాస్వామ్యమని ఒప్పుకోవలసిందే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని చెప్పుకుంటూ వచ్చిన మన పూర్వులకు పరిపాలనానుభవం చాలలేదు. పక్కన ఒక సూదిని కూడా పెట్టి, "మీ ఇష్టం, తొందరేమీ లేదు" అని ఉంటే ఆ సామెత చట్టమై ఉండేది.

ఈ విధానం అమలయ్యే తీరును ఊహించుకోవడం నాకీ మధ్య కాలక్షేపంగా మారింది. నవలలో లేని దృశ్యమిది, నా సొంత పైత్యం. నమోదు కార్యాలయం. కిటికీ వెనుక గుమాస్తా, కిటికీ ముందు పదమూడేళ్ల పిల్ల, పిల్ల పక్కన తల్లి. గోడ మీద పెద్ద అక్షరాలతో ప్రకటన: "ఇచ్చట ఆలోచించరాదు". దరఖాస్తుదారులు సిబ్బంది మనసుల్లోని అధికార రహస్యాలను గ్రహించే ప్రమాదం ఉన్నందున, పని వేళల్లో ఎవరూ ఏమీ ఆలోచించకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దీనివల్ల తమ విధి నిర్వహణలో ఎలాంటి మార్పూ అవసరం కాలేదని సిబ్బంది లిఖితపూర్వకంగా తెలియజేశారు.

గుమాస్తా దరఖాస్తు ముందుకు తోస్తాడు. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు సజావుగానే సాగుతాయి. పద్నాలుగో గడి దగ్గర బండి ఆగుతుంది: "ఈ దరఖాస్తులోని తదుపరి ప్రశ్న ఏమిటో మీకు ముందే తెలుసునా?" తెలుసునని రాస్తే అనుమతి లేకుండా ప్రభుత్వోద్యోగి మనసు చదివిన నేరం. తెలియదని రాస్తే ఉన్న శక్తిని దాచిపెట్టిన నేరం. పిల్ల కలం పట్టుకుని తల్లి వైపు చూస్తుంది. గుమాస్తా దయగలవాడు కనుక, ఆ గడిని ఖాళీగా వదిలేయవచ్చునని, అలా వదిలేయడం మూడో నేరమని, దానికి వేరే దరఖాస్తు ఉందని చెబుతాడు. అంతలో అతనికి తన సొరుగులో ఉన్న వస్తువు గుర్తుకొస్తుంది. ఆ వస్తువేమిటో, అది ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఈ పిల్ల ఎదుట తలచుకోకూడదు. మందు తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోవద్దని చెప్పిన వైద్యుడి కథ మనందరికీ తెలుసు. గుమాస్తా మనసులో ఇప్పుడు ఒక కోతి కాదు, కిష్కింధ మొత్తం దిగింది. పిల్ల చూపు నెమ్మదిగా సొరుగు మీదికి మళ్లుతుంది. "ఈమెది పెద్ద స్థాయి, అత్యంత ప్రమాదకరం" అని గుమాస్తా ఎర్ర సిరాతో రాసేస్తాడు.

స్థాయి అన్నాను కదా, అది మాత్రం నా కల్పన కాదు. సై కోర్ టెలిపాత్‌లను పి1 నుంచి పి12 వరకు వర్గీకరిస్తుంది. వ్యాపార ఒప్పందాల దగ్గర కూర్చుని అవతలివాడు అబద్ధమాడుతున్నాడేమో చెప్పేవారు మధ్య మెట్ల మీద ఉంటారు. సీరియల్‌లో కనిపించే తాలియా వింటర్స్ పి5. అందరికన్నా పై మెట్టున ఉండే పి12 వాళ్లు సై కాప్‌లు, అంటే తప్పించుకుపోయిన తోటి టెలిపాత్‌లను వేటాడే టెలిపాత్‌లు. అనుమతి లేకుండా ఒకరి మనసులోకి చొరబడడం ఘోరమైన నేరమని చట్టం. ఆ నేరం జరగకుండా చూసే బాధ్యత సై కాప్‌లది. వాళ్లు ఆ బాధ్యతను ఎవరి మనసులోకైనా అనుమతి లేకుండా చొరబడి నిర్వర్తిస్తారు. కంచే చేను మేసిందని గోల పెట్టేవారికి నా మనవి ఏమిటంటే, ఇక్కడ కంచెకు మేతకు సంబంధించిన పూర్తి అధికారాలు చట్టబద్ధంగానే దఖలుపడ్డాయి.

చేతి తొడుగుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మానవజాతి నక్షత్రాల దాకా పాకింది, పరగ్రహవాసులతో రాయబారాలు నడుపుతోంది. అంతటి నాగరికత మనిషి మనసనే మహారహస్యం ఎదుట నిలబడి, బాగా ఆలోచించి, చివరికి కనిపెట్టిన రక్షణ ఏర్పాటు ఒక జత తొడుగులు. టెలిపాత్ నలుగురిలోకి వస్తే అవి వేసుకు తీరాలి. తాకితే శక్తి పెరుగుతుందట. కంటిచూపు మేరలో ఉన్నవాడి మనసును తాకకుండానే చదవగల వాళ్లకు తొడుగు వేయడం, దొంగ కళ్లకు గంతలు కట్టడానికి బదులు చెప్పులు విప్పించడం లాంటిది. అయితే తొడుగు అసలు ఉద్దేశం చదవడాన్ని ఆపడం కానే కాదు. నలుగురిలో ఎవరి పక్కన కూర్చోకూడదో మిగతా ముగ్గురికీ దూరం నుంచే తెలియడం. ఆ పని అది చక్కగా చేస్తుంది.

ప్రభుత్వాలకు మనసు చదవడమంటే భయమని అనుకునే అమాయకులు ఉండవచ్చు. వాటి భయం ఇతరులు చదవడం గురించే. నిజ జీవితంలో అమెరికా ప్రభుత్వం ఎక్కడో దూరాన ఉన్నవాటిని మనసుతో చూడగలమన్న మనుషులను చేరదీసి, వాళ్ల చేత గూఢచర్యం చేయించాలని 1970ల నుంచి సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. చివరికి స్టార్‌గేట్ అన్న పేరుతో నడిచిన ఆ ప్రయత్నాన్ని, గూఢచర్యానికి పనికొచ్చే ఫలితమేదీ లేదని సమీక్షలో తేలాక, 1995లో మూసేసింది. ఆ ఇరవై ఏళ్లలో ఎవరికీ తొడుగులు తొడిగిన దాఖలా లేదు. జీతాలిచ్చారు.

సై కాప్‌లలో కెల్లా పేరుమోసినవాడు ఆల్ఫ్రెడ్ బెస్టర్. సీరియల్‌లో ఆ పాత్రను వాల్టర్ కోనిగ్ పోషించాడు; అంత మర్యాదగా నవ్వుతూ అంత భయపెట్టిన నటుణ్ణి నేను ఎక్కువగా చూడలేదు. ఆల్ఫ్రెడ్ బెస్టర్ అన్న పేరు అసలు ఒక సైన్స్ ఫిక్షన్ రచయితది. ఉత్తమ సైన్స్ ఫిక్షన్ నవలకిచ్చే హ్యూగో పురస్కారాన్ని 1953లో మొట్టమొదటగా అందుకున్న 'ది డిమాలిష్డ్ మ్యాన్' ఆయన రాసినదే. అందులోనూ మనసు చదివేవాళ్లున్నారు, కానీ వాళ్ల సంఘాన్ని వాళ్లే నడుపుకుంటారు, వాళ్ల నియమాలు వాళ్లే పెట్టుకుంటారు. ఇదెంత అరాచకమో వేరే చెప్పాలా? సై కోర్‌లో అలాంటి పొరపాటుకు తావులేదు. సంస్థ అధిపతిగా టెలిపాత్ కానివాడే ఉండాలని నిబంధన. కెవిన్ వాసిట్ అనే మహానుభావుడు తానూ టెలిపాత్‌నేనన్న సంగతి కడుపులో దాచుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడంటే, ఆ నిబంధన ఎంత పటిష్ఠంగా అమలైందో గ్రహించవచ్చు.

ఇప్పుడు నా మిత్రుడు అంతగా మెచ్చుకున్న మూడో దారి దగ్గరికి వద్దాం. ఇంట్లోనే ఉండవచ్చు, సంసారం వదులుకోనక్కరలేదు, ఒక్క సూదిమందే కదా. సీరియల్ మొదటి సీజన్ తొలి భాగంలోనే సూసన్ ఇవనోవా అనే సైనికాధికారిణి, తన తల్లి గురించి తాలియాకు చెబుతుంది. ఆ తల్లి ముప్పై అయిదేళ్ల వయసు దాకా తన శక్తిని దాచుకుని బతికింది. బయటపడ్డాక ఆమె ముందూ ఈ మూడు దారులే పరిచారు. భర్తను, బిడ్డలను విడిచి పోలేక సూదిని ఎంచుకుంది. వారానికొకసారి సంస్థ మనిషి ఇంటికి వచ్చి మందు ఎక్కించి వెళ్లేవాడు. పదేళ్లు. ఆ పదేళ్లూ ఆమె కళ్లలోని వెలుగు రోజుకింత తగ్గిపోవడాన్ని ఇంట్లోవాళ్లు చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆమె ప్రాణం తీసుకుంది.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ప్రయత్నించాను. ఆ వారంవారం వచ్చే మనిషి తలుపు ఎలా తట్టి ఉంటాడని ఆలోచించాను. గట్టిగా తట్టి ఉండడు. పదేళ్లలో పిల్ల పేరు కూడా తెలిసి ఉంటుంది, ఎంత పెద్దదానివయ్యావని పలకరించి ఉంటాడు, సంతకం చేయించుకుని ఉంటాడు. ఆ కాగితంలో ఒక మూల "స్వచ్ఛందంగా" అన్న మాట ఉండే ఉంటుంది. బిడ్డను అడ్డం పెట్టి తల్లి చేయి చాపించి, ఆమెను లోలోపల ఆర్పేసి, దానికి ఆమె చేతే ఒప్పుదల రాయించుకోవడాన్ని ఎంపిక అనేవాడికి సిగ్గుండాలి. కత్తి పట్టుకున్నవాడు తానే హంతకుణ్ణని ఒప్పుకుంటాడు. సూది పట్టుకున్నవాడు మాత్రం ఆమే ఎంచుకుందంటాడు, ఆ మాట నమ్మి నిద్రపోతాడు. అది నమ్మి పుస్తకం మూసే పాఠకులూ ఉంటారు!

సరే, గొంతు సవరించుకుని మళ్లీ సంస్థ గొప్పతనంలోకి వద్దాం. దాని నినాదం "సంస్థే తల్లి, సంస్థే తండ్రి". మొదట విన్నప్పుడు ఇదేదో ఆఫీసు గోడల మీద రాసుకునే అతిశయోక్తి అనుకున్నాను. 'డార్క్ జెనిసిస్' చివరి పేజీలకు వచ్చేసరికి, ఇంత అక్షరసత్యమైన నినాదం మరొకటి లేదని అర్థమైంది. సంస్థను ఎదిరించి అజ్ఞాతంలో పోరాడిన మాథ్యూ, ఫియోనా డెక్స్‌టర్ దంపతులను సంస్థ దాడిలో చంపేస్తారు. వాళ్ల పసిబిడ్డను సంస్థే తీసుకుపోతుంది, పేరు మారుస్తుంది, పెంచుతుంది. ఆ బిడ్డే ఆల్ఫ్రెడ్ బెస్టర్. తల్లినీ తండ్రినీ తీసేసి, ఆ ఖాళీల్లో తన పేరు రాసుకున్న సంస్థ, ఆ పిల్లవాడికి మొదట నేర్పిన మాట తానే తల్లినీ తండ్రినీ అని. అందులో అబద్ధం ఎక్కడుంది? అతను పెద్దవాడై, కన్నవాళ్లలాంటి వాళ్లనే జీవితమంతా వేటాడాడు. మూడో నవల 'ఫైనల్ రెకనింగ్'లో రోజులు తిరగబడి, అతనే దోషిగా జైలుకు చేరతాడు. అక్కడ అతనికీ స్లీపర్ల సూది తప్పదు. అందరి మనసుల్లోనూ చొరబడి తిరిగినవాడు చివరికి తన తలలో తానొక్కడే మిగులుతాడు. చదువుతూ సంతోషించాలనుకున్నాను, ఎందుకో కుదరలేదు.

నిన్న మిత్రుడికి ఫోన్ చేశాను. ఈ మూడు దారుల్లో ఏదో ఒకటి ఇవ్వాళ సాయంత్రంలోగా ఎంచుకోవలసి వస్తే ఏది ఎంచుకుంటావని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "నాకెందుకోయ్ ఆ గొడవ? నేను టెలిపాత్‌ని కాదు కదా" అన్నాడు.

తనలోనూ తల్లి శక్తి తాలూకు చిన్న మిణుకు ఉందన్న సంగతిని దాచుకుని, సూసన్ ఇవనోవా కూడా ఏళ్ల తరబడి అందరికీ ఇదే మాట చెబుతూ వచ్చింది.