లైఫ్ సర్టిఫికెట్

రైల్వే మెయిల్ సర్వీసులో 34 ఏళ్లు సార్టరుగా పనిచేసి, కదిలే రైలుపెట్టెలో నిలబడి, గుంటూరు ఉత్తరం గూడూరు గడిలో పడకుండా కాపాడినవాణ్ణి నేను. పదవీ విరమణ చేసిన వారంలోనే మా అబ్బాయి నాకొక ఈమెయిల్ చిరునామా సృష్టించి, "ఇక ఉత్తరాలన్నీ ఇందులోకే వస్తాయి నాన్నా" అన్నాడు. వాడన్నట్టే వచ్చాయి; కాకపోతే తెలిసినవాళ్లు తప్ప లోకంలో ఉన్నవాళ్లందరూ రాశారు.

అందులో మొదటిది నైజీరియాలో కాలం చేసిన ఒక మంత్రిగారి వితంతువు రాసినది. "ప్రియమైన లబ్ధిదారుడా, మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను" అని మొదలుపెట్టి, భర్త వదిలి వెళ్లిన కోటిన్నర డాలర్లు నాకే అప్పగిస్తానని, దారి ఖర్చులకు 12,500 రూపాయలు మాత్రం ముందుగా పంపమని ఆ తల్లి కోరింది. మా రోజుల్లో 'వెంకన్న పేరిట మరో పదకొండు మందికి రాయకపోతే రక్తం కక్కుకుంటారు' అని కార్డులు తిరిగేవి గానీ, ఆ రాసినవాడు కనీసం కార్డు ఖరీదైనా భరించేవాడు. ఈ స్పామ్ అచ్చంగా బేరింగు ఉత్తరం: పంపినవాడికి ఖర్చు లేదు, భారమంతా అందుకున్నవాడిదే. బేరింగునైతే వద్దని తిప్పి పంపే హక్కయినా ఉండేది.

ఆ హక్కును వెతుక్కుంటూ చట్టాల్లో పడ్డాను. ఇటువంటి మోసానికి నైజీరియాలో సెక్షను 419. మన పాత శిక్షాస్మృతిలో వేరొకరిలా నటించి మోసగించడానికీ అదే అంకె ఉండడం చూసి ముచ్చటపడ్డాను. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి దాన్ని 319గానూ, జగద్విఖ్యాతమైన 420ని 318గానూ మార్చింది గానీ, మా వీధిలో ఎవరూ ఎవరినీ "త్రీ ఎయిటీన్‌గాడా" అని తిట్టడం నేనింకా వినలేదు. ఐటీ చట్టంలోని 66డి, కంప్యూటరు సాయంతో అలా నటించి మోసగించినవాడికి మూడేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వరకు వేస్తుంది; వాడు దొరకాలి, అంతే. 1909 నంబరుకు ఫోను చేసి చెప్పుకుంటే ప్రచారపు ఫోన్లకూ ఎస్సెమ్మెస్‌లకూ అడ్డుకట్ట పడుతుంది గానీ ఈమెయిలు దాని పరిధిలోకి రాదు. అమెరికావారి 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం మాత్రం ప్రాణానికి హాయిగా తోచింది: వ్యాపార మెయిలులో 'ఇక పంపవద్దు' అని చెప్పుకునే దారి ఉండాలి, చెప్పిన పది పనిదినాల్లోగా పంపడం మానాలి.

వితంతువుగారి ఉత్తరం అడుగున చూస్తే నిజంగానే ఆ లింకు ఉంది. ఇంతటి చట్టభీతి గల ఇల్లాలిని అపార్థం చేసుకున్నందుకు నొచ్చుకుంటూ నొక్కాను. చెయ్యి ఊరుకోక, పాత సార్టింగు వేగంతో ఆ సాయంత్రమే మరో నలభై నొక్కాను.

రోజుకు ఇరవై వచ్చే మెయిళ్లు వారం తిరిగేసరికి రెండు వందలయ్యాయి. నేనింకా ఒక్క రూపాయి కూడా పోగొట్టుకోకముందే, 'మోసపోయారా? మీ సొమ్ము వెనక్కి ఇప్పిస్తాం' అనే దయామయులు సైతం బయలుదేరారు. "నికార్సైన కంపెనీ అయితే ఆ లింకు పనిచేస్తుంది నాన్నా. దొంగ మెయిల్లో అది నొక్కారంటే, ఇక్కడొక మనిషి బతికే ఉన్నాడు, అన్నీ తెరిచి చదువుతున్నాడు అని మీరే సర్టిఫికెట్ రాసిచ్చినట్టు" అని మా అబ్బాయి నెత్తి కొట్టుకుని, ఫిల్టరును గట్టిగా బిగించి వెళ్లాడు.

అప్పటినుంచి నేను అవగాహన గల వినియోగదారుణ్ణి. 'ఓటీపీ చెప్పరాదు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను' అని ఫ్రిజ్‌ మీద అంటించాను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ అంటూ ఎవరో ఫోను చేస్తే, 66డి చదివి వినిపించి పెట్టేశాను.

డిసెంబరు పింఛను పడలేదు. బ్యాంకు కౌంటరులోని కుర్రవాడు, "నవంబరులో ఫోను చేస్తే తిట్టారు కదా సార్, మెయిలు కూడా పంపాం" అన్నాడు. స్పామ్ పెట్టె తెరిస్తే, బట్టతల తైలానికీ లాటరీకీ నడుమ, 34 ఏళ్లలో నేను ఏ ఉత్తరాన్నీ పడేయనంత తప్పుడు గడిలో, అది పడి ఉంది.

"ముందు మీరు బతికే ఉన్నట్టు రుజువు కావాలి సార్" అంటూ అతను వేలిముద్ర యంత్రాన్ని నా ముందుకు జరిపాడు. కవర్లు తిప్పి తిప్పి అరిగిన వేలిని నాలుగుసార్లు అదిమినా యంత్రం ఒప్పుకోలేదు. ఐదోసారి అదుముతుండగా జేబులో ఫోను టింగుమంది. తీసి చూశాను.

"ప్రియమైన లబ్ధిదారుడా, మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను."