మేడ మీద చేపల కేక

బరంపురంలో మా వీధికి చేపలు గోపాల్‌పూర్ నుంచి వస్తాయి. గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలమ్మ మన తెలుగావిడే. మనకోసం “చేపలోయ్...” అని ఒకటి, ఒడియా వాళ్లకోసం “మాఛొ...” అని ఒకటి, రెండు కేకలు వేస్తుంది. ఆ రెండు భాషలూ క్షుణ్ణంగా తెలిసిన ప్రాణి మా వీధిలో ఇంకొకటుంది. బూడిదరంగు పిల్లి. కేక వినబడితే అందరికంటే ముందు గోడ దూకుతుంది. వరుసగా మూడు ఆదివారాలు మా కానాగంతలు దానికే నైవేద్యమయ్యాయి.

దాన్ని గోనెసంచిలో వేసి చేపల బజారులో వదిలేయాలని తీర్మానించాను. దానికి స్వర్గం, నాకు శాంతి. పట్టడం ఎలా అని తలపట్టుకున్న సమయంలో ఒక పత్రికలో వేటాడే జంతువుల అనుకరణ విద్య గురించి చదివాను. ఉత్తర అమెరికాలో ఒక జాతి ఆడ మిణుగురు వేరే జాతి ఆడదానిలా వెలుగుతూ ఆరుతూ, పెళ్లిచూపులకు వచ్చిన మగపురుగును ఫలహారం చేస్తుందట. అక్కడి నదుల్లోనే ఒక తాబేలు అడుగున నోరు తెరుచుకుని పడుకుని, నాలుక మీది చిన్న కండను వానపాములా ఆడిస్తుందట. ఆశపడ్డ చేప నేరుగా నోట్లోకే వస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది మార్గే అనే అడవిపిల్లి. 2005లో బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో అది కోతిపిల్లలా అరిచి కోతులను పిలవడం శాస్త్రజ్ఞులు గమనించారు. అక్కడితో పత్రిక మూసేశాను. పిల్లే కోతిలా అరవగలిగినప్పుడు నేను చేపలమ్మలా అరవలేనా?

ఆదివారం ఉదయం మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక నక్కి, గొంతు సన్నం చేసి కేక వేశాను. పిల్లి రాలేదు. ఎదురింటి పిన్నిగారు పళ్లెంతో వచ్చారు. రెండో కేక ఒడియాలో వేశాను. పక్కింటి మాఉసీ చిల్లర లెక్కపెట్టుకుంటూ వచ్చి, “మాఛొ కాహిఁ?” అని వీధి ఆ చివరా ఈ చివరా వెతికింది. చేప ఎక్కడంటే నేనేం చెప్పను? ట్యాంకుకు మరింత అతుక్కుపోయాను. నిమిషంలో ఎనిమిది గిన్నెలు పోగయ్యాయి. అందులో ఒకటి మా ఆవిడది! వంటింట్లో చిలికా రొయ్యలు ఒలిచిపెట్టి ఉన్నా సరే, బేరం చెవిన పడితే ఆవిడకు కాలు నిలవదు.

ఇంతలో అసలు చేపలమ్మ మలుపు తిరిగింది.

“నా గొంతుతో అరిచినదెవరమ్మా?”

తలలన్నీ మేడవైపు లేచాయి. గోనెసంచితో సహా నేనూ లేచాను.

“మాస్టారూ, కిలో ఎంత?” అన్నారు పిన్నిగారు.

కిందికి వచ్చేసరికి రొయ్యల గిన్నె అద్దంలా మెరుస్తోంది. పిల్లి గోడ మీద మూతి తుడుచుకుంటోంది. మా ఆవిడ పత్రిక తెరిచి, నేను వదిలేసిన చోటునుంచి చదివింది.

“ఏమండీ, ఆ మార్గేకీ ఆ రోజు కోతి దొరకలేదట. కాపలా కోతి పసిగట్టి అరిస్తే అన్నీ పారిపోయాయట.”

పత్రిక మడిచి, వంకాయ కూర నా ముందుకు తోసింది.

“అదీ పస్తు ఉండి ఉంటుంది గానీ, ఎనిమిది ఇళ్లకు సంజాయిషీ చెప్పుకుని ఉండదు.”