పాత వాన లెక్కలతో ఎంతకాలం?

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. నైరుతి నాలుగు నెలలూ కలిపి తెలంగాణలో సగటున కురిసేది సుమారు 740. అదే వానకు పక్క జిల్లాలో మోరంచవాగు ఊరి మీద పడితే, మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులూ చెట్లూ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడు సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది.

ఇలాంటప్పుడల్లా ‘కనీవినీ ఎరుగని వాన’ అంటారు. ఆ మాటను మేమిక ఒప్పుకోలేం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. బొగ్గు, చమురు కాల్చి భూమిని ఇప్పటికే సుమారు 1.3 డిగ్రీలు వేడెక్కించాం. 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానలు మూడింతలయ్యాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2017లోనే తేల్చారు. అదే కాలంలో అక్కడ మొత్తం వాన మాత్రం తగ్గింది! మఖ, పుబ్బ ఎండగట్టి ఉత్తర కార్తెలో చేను ముంచినా, కాగితం మీద అది ‘సాధారణ వర్షపాతమే’. రైతు కడుపును ఆ సగటు నింపదు.

ఫలానా వానకు భూతాపమే కారణమని ఎలా చెబుతారన్న వాదనకూ కాలం చెల్లింది. శాస్త్రవేత్తలు వేడెక్కని భూమిని కంప్యూటర్లో నిలిపి, అక్కడ కురిసే వానను నేటి వానతో పోలుస్తున్నారు. 2023-24లో బ్రిటన్, ఐర్లండ్‌లను అక్టోబరు నుంచి మార్చి దాకా నానబెట్టిన స్థాయి వానలు ఒకప్పుడు 80 ఏళ్లకోసారి వచ్చేవి. ఇప్పుడు 20 ఏళ్లకోసారి రావచ్చని ఆ లెక్క చెప్పింది. 2024 జులైలో వయనాడ్ కొండలను కూల్చిన వాన ఉద్ధృతిని భూతాపం 10 శాతం పెంచిందనీ తేలింది.

వాగులు, కాలువల గట్లను ఆక్రమించనిచ్చిన తప్పు మాత్రం ఆకాశానిది కాదు. వాతావరణ మార్పు పేరుతో దాన్ని కప్పిపుచ్చకూడదు. చెరువు అలుగులూ, కల్వర్టులూ, నగరాల వాన కాలువలూ వెనకటి వానల కొలతలతో కట్టినవే. రెండు రాష్ట్రాల జలవనరుల శాఖలు వచ్చే తొలకరిలోపు ఆ కొలతలు తిరగరాయాలి. కొత్త వరద మట్టాలను ఊరూరా గుర్తు పెట్టించాలి. బుడమేరు, మున్నేరు గట్లతోనే మొదలుపెట్టాలి.