మడమ కథ హోమర్‌ది కాదండీ

గ్రీకు వీరుడు అకిలీస్ మీద మీ వ్యాసం బాగుంది. కానీ ఒళ్లు దెబ్బ తగలనిదిగా మారాలని తల్లి థెటిస్ అకిలీస్‌ను మడమ పట్టుకుని పాతాళంలోని స్టిక్స్ నదిలో ముంచిన కథ, ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ‘ఇలియడ్’లోది అని రాశారు, అది సరికాదు. ఇలియడ్‌లోని 24 భాగాల్లో ఎక్కడా ఆ ముచ్చటే లేదు. అసలు అకిలీస్ చావు కూడా అందులో కనిపించదు, అకిలీస్ చేతిలో చనిపోయిన ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో కావ్యం ముగిసిపోతుంది. చనిపోతూ హెక్టర్ మాత్రం అకిలీస్‌తో, నా తమ్ముడు పారిస్, అపోలో దేవుడు కలిసి నిన్ను ట్రాయ్ ద్వారం దగ్గర చంపుతారని చెప్తాడు.

నదిలో ముంచిన కథ మనకు స్పష్టంగా దొరికేది క్రీస్తుశకం 1వ శతాబ్దంలో స్టేషియస్ అనే రోమన్ కవి లాటిన్‌లో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసిన కావ్యంలో. హోమర్‌కూ ఆయనకూ మధ్య ఏడెనిమిది వందల ఏళ్ల దూరం!

హోమర్ చెప్పిన అకిలీస్‌కు దెబ్బ తగిలితే రక్తం కారుతుంది. ఇలియడ్ 21వ భాగంలో, ట్రాయ్ పక్షాన పోరాడే ఆస్టెరోపియస్ రెండు చేతులతో ఒకేసారి రెండు ఈటెలు విసురుతాడు, ఒకటి అకిలీస్ మోచేతిని గీరుతుంది. అయినా, ఒళ్లంతా వజ్రమే అయితే కొడుక్కి కొత్త కవచం చేయించడానికి ఆ తల్లి దేవతల కమ్మరి హెఫెస్టస్ కొలిమి దాకా ఎందుకు పరిగెత్తుతుంది చెప్పండి? చావు తప్పదని తెలిసీ యుద్ధానికి వెళ్లిన ఆ అకిలీసే నాకు ఎక్కువ నచ్చుతాడు.